చదరంగమున స్త్రీల బిరుదులు : వివాదములు



నేటి నా ప్రసంగము చదరంగమున స్త్రీలు సాధించిన బిరుదులను గూర్చినది. ముప్పదియైదు సంవత్సరములు వ్యాకరణమును కావ్యములను బోధించి విశ్రాంతి గైకొనిన ముదుసలికి ఈ విషయముతో పనియేమని మీలో కొందరు శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. నాకు ఎత్తులు తెలియును గాని పోటీల కెన్నడును పోయినవాడను గాను. ఒక తగవు నన్ను ఈ విషయములోనికి ఈడ్చినది. అందులో నా తప్పొకటి గలదు. దానిని కడపట చెప్పెదను.

మా గ్రామము చంద్రగిరికి దాపున, స్వర్ణముఖీ తీరమున గలదు. 2025వ సంవత్సరము జూలై నెల కడపటి దినములలో ఒకనాడు రచ్చబండ మీద నొకరు పత్రిక చదువుచుండగా మేము నలుగురైదుగురము వినుచుంటిమి. జార్జియా దేశమందలి బటూమి నగరమున మహిళల ప్రపంచ కప్పు పోటీలో తుది యాట మన దేశపు స్త్రీల ఇరువురి నడుమనే జరిగెననియు, మన గుడివాడ ఆడపడుచు కోనేరు హంపిని నాగపూరునకు చెందిన పందొమ్మిదేండ్ల దివ్యా దేశ్‌ముఖ్ జయించెననియు, ఆ జయముతో దివ్యకు గ్రాండ్‌మాస్టర్ బిరుదము లభించెననియు వార్త. చదువుట ముగియకమునుపే తగవు పుట్టినది. ఒకరు "ఎవరు గెలిచిన నేమి? ఆడవారి పోటీయే గదా!" అనిరి. వేరొకరు "హంపి ఇదివరకే ప్రపంచవిజేత గదా, ఈ పిల్ల చేతిలో ఎట్లోడినది?" అనిరి. మూడవవారు "ఒక్క పోటీతో అంత బిరుద మిత్తురా? అది దానమే గాని సంపాదన కాదు" అనిరి. నాలుగవవారు మొదటి భారత మహిళా గ్రాండ్‌మాస్టర్ హంపి కానే కాదనియు, మద్రాసునకు చెందిన విజయలక్ష్మి యనియు పందెము వేసిరి. పందెము పడగానే అందరును నా వంక చూచిరి. పల్లెలో పదవి పోయినను అయ్యవారు అయ్యవారే గదా.

ఆనాడు నేను తీర్పు చెప్పలేదు. వారము దినములు గడువడిగి, పట్టణమున నున్న నా పూర్వశిష్యు లొకరిద్దరి సాయమున పాత వార్తలను, నియమములను, ఆటల లెక్కలను తెప్పించుకొని చదివితిని.

నాలుగవవారి పందెముతో మొదలిడెదను. అది నా విద్యకు సంబంధించినది. "మహిళా గ్రాండ్‌మాస్టర్" అనునది సమాసము. దీనికి విగ్రహవాక్యము రెండు తెఱగుల చెప్పవచ్చును. మహిళయు ఆమెయే, గ్రాండ్‌మాస్టరును ఆమెయే యనిన కర్మధారయము. మహిళలయందు గ్రాండ్‌మాస్టర్ అనిన సప్తమీ తత్పురుషము. వినుటకు రెండును ఒకటియే. అర్థమున మాత్రము ఆకాశమునకును భూమికిని గల యంతరము.

అంతర మెట్టిదో చెప్పెదను. చదరంగపు బిరుదుల నిచ్చునది 1924లో పారిస్ నగరమున స్థాపింపబడిన ఫిడే యను అంతర్జాతీయ సంస్థ. గ్రాండ్‌మాస్టర్ అనునది ఆ సంస్థ యిచ్చు బిరుదములలో నెల్ల పెద్దది. అందు స్త్రీపురుషభేదము లేదు. దానిని పొందుటకు రేటింగు అను బలసూచకాంకము 2500 చేరవలెను. అదియుగాక, బలవంతులగు ఆటగాండ్ర నడుమ నియమిత ప్రమాణమున రాణించి, నార్మ్ అనెడు అర్హతలను మూడింటిని సంపాదింపవలెను. మహిళా గ్రాండ్‌మాస్టర్ అను వేరు బిరుదము 1976 నుండి ఉన్నది. అది స్త్రీలకు మాత్రమే. దానికి 2300 చాలును. అది స్వల్పమని నే ననను. మా మండలమంతయు వెదకినను అంతవా డొక్కడు దొరకడు. కాని రెండును ఒకటి కావు.

2001లో విజయలక్ష్మి పొందినది తత్పురుషము. భారతదేశమున దానిని మొట్టమొదట పొందినది ఆమెయే. 2002లో హంపి పొందినది కర్మధారయము, అనగా పురుషులు పొందు ఆ పెద్ద బిరుదమే. భారతస్త్రీలలో దానికి ఆమెయే ప్రథమురాలు. పందెము వేసినవారును గెలిచిరి, ఎదిరివారును గెలిచిరి. ఇరువురును నా మీద అలిగిరి.

పత్రికలవారు ఈ రెండు బిరుదములను కలగాపులగము చేయుటచే కలిగిన హాని చిన్నది కాదు. కర్మధారయమును తత్పురుషముగా చదివినప్పుడు హంపి, తరువాత 2011లో ఆ బిరుదమును పొందిన గుంటూరు ద్రోణవల్లి హారిక, వీరి శ్రమ సగమునకు పడిపోవును. "ఆడవారి పోటీయే గదా" అను మాట పుట్టుచోటు ఇదియే.

ఇక మాటలను విడిచి సాక్ష్యమునకు వత్తము. తిరుమల ఆలయమున మహాద్వారము దాటగానే దేవేరు లిద్దరితో చేతులు మోడ్చి నిలిచిన కృష్ణదేవరాయల విగ్రహమును చూడనివారు మీలో నుండరు. ఆ రాయలతో చదరంగ మాడిన బొడ్డుచర్ల తిమ్మన యను కవి యుండెననియు, అతని నేర్పునకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామము నిచ్చెననియు పండితులలో నొక చాటుపద్యము వాడుకలో నున్నది. చిన్ననాట మా గురువులు దానిని మాచేత వల్లె వేయించిరి. తిమ్మన గెలుపు నేనాడును శంకింపలేదు. కాని అతడు ఆడిన ఆటలలో ఒక్కదాని ఎత్తులైనను నేడు మన కందలేదు. గుర్రము నెక్కడ నుంచెనో, మంత్రి నెప్పుడు బలి యిచ్చెనో తెలియదు. పద్యమే సాక్షి. హంపి సంగతి అట్లు కాదు. పెద్ద పోటీలలో ఆటగాడు తన ఎత్తును, ఎదిరి ఎత్తును ఎప్పటికప్పుడు కాగితము మీద వ్రాయవలెనను నియమము గలదు. ఆ ఆటను బల్ల మీద పావులు పేర్చి నేడైనను తిరిగి ఆడి చూచుకొనవచ్చును. తిమ్మనను మనము పద్యమును బట్టి నమ్ముదుము. ఎత్తుతో సహా కాగితము ముందుంచిన స్త్రీని మాత్రము నమ్ముటకు వెనుదీయుదుము. ఇది నా కిప్పటికిని వింతగనే యున్నది.

కాగితము లున్నను లోకము చదువదు. దీనికి పెద్ద యుదాహరణము నోనా గప్రిందష్విలి అను ఆమె కథ. ఈమెయు బటూమి గల జార్జియా దేశమునకు చెందినదియే. 1962లో మహిళల ప్రపంచవిజేత యై 1978 వరకు, అనగా పదునారు సంవత్సరములు, ఆ స్థానమును విడువలేదు. 1977లో అమెరికాలోని లోన్ పైన్ అనుచోట పురుషుల నడుమ ఆడి ప్రథమస్థానమును మరి కొందరితో పంచుకొనెను. మరుసటి యేట ఫిడే ఆమెకు గ్రాండ్‌మాస్టర్ బిరుద మిచ్చెను. లోకమున ఆ బిరుదమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అయితే నార్మ్‌లకు నియమానుసారము కావలసిన ఆటల సంఖ్యలో కొంచెము కొరత యుండగా, సంస్థవారు ఆమె ప్రతిభను చూచి సడలింపు చూపిరి. అందుచే నియమము లన్నిటిని పూర్తిగా నెరవేర్చి ఆ బిరుదమును సంపాదించిన మొదటి స్త్రీ 1991లో హంగరీ దేశపు సూసన్ పోల్గార్ అనువారు గలరు. నా మట్టుకు ఇరువురి మాటయు సత్యమే. పొందుటయందు నోనా మొదటిది, మూడు నార్మ్‌ల మెట్లెక్కుటయందు సూసన్ మొదటిది.

ఇంతకంటె పెద్ద అన్యాయము నోనాకు ఎనుబదవ యేట సంభవించినది. 2020లో నెట్‌ఫ్లిక్స్ అను సంస్థ చదరంగ మాడు అమెరికా బాలికను గూర్చిన కల్పితకథ నొకదానిని ప్రదర్శించినది. అందొక పాత్ర 1968 నాటి పోటీని వర్ణించుచు, నోనాను పేరెత్తి చెప్పి, ఆమె యెన్నడును పురుషులతో ఆడలేదనెను. కథ యంతయు కల్పితమైనను పేరు మాత్రము బ్రదికియున్న మనిషిది. ఆ కథకు మూలమగు నవలలో అట్లు లేదు. ఆమె రష్యా గ్రాండ్‌మాస్టర్లతో పలుమారు ఆడినదనియే అందున్నది. 2021లో ఆమె అమెరికా న్యాయస్థానమున దావా వేసెను. 1968 నాటికే కనీసము 59 మంది పురుషులతో ఆడితిననియు, వారిలో పదిమంది గ్రాండ్‌మాస్టర్లనియు ఆమె వాదము. కల్పితకథ గనుక దావా చెల్లదని ప్రతివాదులు వాదింపగా 2022 జనవరిలో న్యాయాధిపతి యొప్పుకొనలేదు. ఆ సెప్టెంబరులో ఉభయులును రాజీపడిరి. రాజీ షరతులు బయటికి రాలేదు.

నే నీ వృత్తాంతమును చదివి చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. ఒక వాక్యము. వ్రాసినవానికి దానివలన ఏ పగయు తీరలేదు. తన కథానాయిక మరింత వింతగా కనబడుటకు నిజముగా నున్న స్త్రీ జీవితమునుండి ముప్పాతిక భాగము కొట్టివేసినాడు. ఇట్టివి వ్రాయుటకు దుష్టుడు కానక్కరలేదు.

కొలతల తగవు మరియొకటి గలదు. మన వైపు పూర్వము ఒక సంతలో పడి కొంచెము పెద్దది, వేరొక సంతలో చిన్నది. పెద్దవారికి ఇది జ్ఞాపకముండును. రేటింగు కూడ అట్టిదే. స్త్రీలు స్త్రీలతోనే ఆడుచున్నప్పుడు వారి అంకెలు వారి సంతలోనే తిరుగును. పెద్ద సంతలోని అంకెలతో సరిపోలవు. 1987 జనవరి పట్టికలో ఫిడేవారు దీనిని సవరింపబూని స్త్రీల కందరకు తలా నూరు చేర్చిరి. ఒక్క సూసన్ పోల్గార్‌కు చేర్చలేదు. ఆమె పురుషులతోనే యాడుచుండుటచే ఆమె అంకె ముందే పెద్ద పడితో కొలిచినదని వారి వాదము. వాదమున కొంత యుక్తి గలదు. కాని పురుషులతో ఆడిన ఇతర స్త్రీలును ఉండిరి, వారికిని నూరు చేరినది గదా! ఇన్నాళ్లును పెద్ద సంతకు పోయినందుకు సూసన్ మొదటి స్థానము పోగొట్టుకొన్నది. కొలతను సవరించుట తప్పుగాదు. ఒక్కరిని ప్రక్కకు నిలిపి సవరించుట తప్పు.

సూసన్ చెల్లెలు యూదిత్‌ను గూర్చి ఒక్క మాట. 1994లో లినారెస్ పోటీలో పదునేడేండ్ల యూదిత్‌తో ఆడుచు ప్రపంచవిజేత కాస్పరోవ్ గుర్రము నొక గడిలో నుంచి, చేయి తీసి, మరల పట్టుకొని వేరు గడిలో నుంచెను. చేయి విడిచిన పావును మరల కదపరాదని పల్లె పిల్లలకు కూడ తెలియును. చేయి విడుచుట క్షణములో నాలుగవ వంతు మాత్రము. అది చిత్రములో పడినది. అప్పుడు ఆమె తగవు పెట్టలేదు, ఓడిపోయెను. 2002లో త్వరిత చదరంగమున అదే కాస్పరోవ్‌ను గెలిచెను.

ఇక మన హంపి. 1987లో గుడివాడలో జన్మించిన ఈమెకు తండ్రి అశోకుగారే గురువు. బాలికల విభాగములలో పది, పండ్రెండు, పదునాలుగేండ్ల ప్రపంచ బిరుదములను గెలిచినది. ఇవి బాలికల పోటీలని ఎవరైనను అన్నచో, నిజమే. కాని 1999లో అహమ్మదాబాదున జరిగిన ఆసియా పోటీలో పండ్రెండేండ్ల లోపు బాలురతో కలిసి యాడి ప్రథమస్థానము పొందినది. 2002లో బుడాపెస్టు నగరమున కడపటి నార్మ్ పూర్తిచేసినప్పుడు ఆమె వయస్సు పదునైదు సంవత్సరముల ఒక నెల ఇరువదియేడు దినములు. అప్పటివరకు స్త్రీలలో అతిపిన్న గ్రాండ్‌మాస్టర్ యూదిత్ పోల్గార్. బుడాపెస్టు యూదిత్ పుట్టిన యూరే.

ఇచ్చట మనవారిని కూడ మందలింపవలసి యున్నది. "ప్రపంచమున అతిపిన్న మహిళా గ్రాండ్‌మాస్టర్" అని హంపిని గూర్చి నేటికిని సభలలో చెప్పుచుందురు. 2008లో చైనా బాలిక హౌ యీఫాన్ ఆ లెక్కను దాటినది. 2002 నుండి 2008 వరకు అనిన సత్యము. కాలము చెప్పక యనిన అసత్యము. అభిమానముచే చెప్పినను అసత్య మసత్యమే. ఎదిరివాడు దానిని పట్టుకొని తక్కిన సత్యములను కూడ త్రోసిపుచ్చును. 2007లో రేటింగు 2600 దాటినది ఆమె. యూదిత్ తరువాత ఆ మెట్టెక్కిన స్త్రీ లోకమున ఆమెయే. ఈ సంగతి మన సభలలో వినబడదు. లేని కిరీటమును పెట్టి ఉన్న కిరీటమును మఱచుట మన యలవాటు.

"హంపి ప్రపంచవిజేత గదా" అను ప్రశ్నకును ఇట్లే విశేషణముతో జవాబు. చదరంగమున గంటలకొలది యాడు సంప్రదాయపద్ధతి యొకటి, త్వరితపద్ధతి యొకటి. 2019లో మాస్కోలోను 2024లో న్యూయార్కులోను మహిళల త్వరితపద్ధతిలో ఆమె ప్రపంచవిజేత. 2017లో తల్లియైన తరువాత గెలిచిన బిరుదములివి. సంప్రదాయపద్ధతిలో 2011లో అల్బేనియాలోని టిరానా నగరమున హౌ యీఫాన్‌తో తలపడి ఓడిపోయెను. అప్పుడును గొణుగుడు బయలుదేరినది. అర్హతపోటీల వరుసలో రెండవ స్థానము పొందిన హంపి యెట్లు ప్రపంచవిజేతతో తలపడునని కొందరనిరి. మొదటి స్థానము పొందినది హౌ యీఫాన్. ఆమె అప్పటికే ప్రపంచవిజేత. తనతో తానెట్లు తలపడును? కనుక రెండవవారికి హక్కు వచ్చినది. పల్లెలో వారసత్వపు తగవులు తీర్చిన మీకు ఇది నేను విప్పి చెప్పనక్కరలేదు.

మిగిలినది దివ్య బిరుదము. ఆమెకు మూడు నార్మ్‌లు లేవు, ఒక్కటియు లేదు. అయినను మహిళల ప్రపంచ కప్పు గెలిచినవారికి నేరుగా గ్రాండ్‌మాస్టర్ బిరుదమని నియమము ముందే యున్నది. నోనా విషయమున ఆట ముగిసిన తరువాత సడలింపు పుట్టినది. దివ్య విషయమున ఆటకు ముందే నియమము పుట్టినది. దారిలో ఆమె గెలిచినవారు ఎవరనగా చైనాకు చెందిన జూ జినర్, మన హారిక, పూర్వపు ప్రపంచవిజేత తాన్ జోంగ్‌యి, కట్టకడపట హంపి. హంపితో నెమ్మదియాటలు రెండును సరిసమానము లయ్యెను. త్వరితపు టాటలలో రెండవది దివ్య గెలిచినది. దీనిని దానమనుట నాకు సమ్మతము గాదు. అయినను నార్మ్‌ల దారి వేరు, ఈ దారి వేరు అని వ్రాసి యుంచుటలో తప్పు లేదు. కొండకు అలిపిరి మెట్ల మీద పోయినవారును కలరు, శ్రీవారి మెట్టు మీద పోయినవారును కలరు. ఏ దారిని వచ్చితిరని అడుగుట అవమానము కాదు గదా.

ఈ తీర్పును రచ్చబండ మీద చెప్పి యింటికి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా తప్పు జ్ఞాపకము వచ్చినది.

చాల యేండ్ల క్రిందట నేను పనిచేయుచున్న పాఠశాలలో చదరంగపు పోటీ పెట్టితిమి. ఆడుటకు వచ్చిన బాలిక ఒక్కతెయే యగుటచే బాలురతో కలిపి ఆడించితిమి. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ బాలిక ఐదుగురు బాలురను వరుసగా నోడించినది. వార్షికోత్సవపు నివేదిక వ్రాయు పని నాది. "బాలికలలో ప్రథమ" అని ఆమె పేరును, "బాలురలో ప్రథమ" అని ఆమె చేతిలో తుదియాట ఓడినవాని పేరును వ్రాసితిని. నా మనస్సులో ద్వేషమేమియు లేదు. అట్లు వ్రాయుట యలవాటు, అంతే. తరువాత పై పోటీకి ఒక్కరినే పంపవలసిరాగా, నివేదిక చూచి ఆ బాలునే పంపితిమి. ఆ పిల్ల నా యొద్దకు వచ్చి, "అయ్యవారూ, నేను ఆడినవాళ్లలో ఆడపిల్ల ఒక్కతె గూడా లేదు గదా?" అని యడిగినది. నేను వ్యాకరణము బోధించువాడను. "పోనీలేమ్మా" అని పంపివేసితిని.

మరునాడు ఒక కాగితము మీద ఆ సంవత్సరమును, ఆమె ఐదుగురిని ఓడించిన సంగతిని, నివేదికలోని తప్పు నాదియేనని వ్రాసి సంతకము చేసి, పీలేరు వైపు నున్న ఆమె అత్తవారి గ్రామమునకు బస్సెక్కి పోయితిని. ఆమె రెండుమార్లు చదివి, "ఇప్పుడెందుకులే అయ్యవారూ" అని మడచి బీరువాలో పెట్టినది. పదేండ్ల కూతురు ఆ కాగితమును మరల తీసి అటునిటు త్రిప్పి, "ఎత్తులు రాయలేదా తాతా?" అని నన్నడిగినది. ఆనాడు ఎవరమును వ్రాసికొనలేదంటిని. తల్లి కొంచెముసేపు ఊరకుండి, కడపటి ఆటలో కొన్ని ఎత్తులు తనకు జ్ఞాపకమున్నవని చెప్పి, లోపలికి పోయి బల్ల తెచ్చినది. నాకు బస్సు వేళ యైనను లేవలేదు. ఆమె నల్లపావులు తన వైపునకు త్రిప్పుకొని పరచుచుండగా పిల్ల పలక తీసికొని వ్రాయుటకు కూర్చున్నది.